ఎంక్వైరీ సెక్షన్ల అసిస్టెంట్ జాబ్... ఊరి నుంచి వచ్చే ఫోన్లకు ఏం చెప్పాలె?

మూసీ ఆయకట్టు:

అందరికి నమస్తే. మాది నల్గొండ, ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ల హాస్టల్ల ఉంటున్న. డాక్టర్ల లాంటోళ్ళకు రిజిస్ట్రేషన్లు ఇచ్చే ఒక కౌన్సిల్ల, కంప్లయింట్లు వస్తే విచారణ నడిపే సెక్షన్ల అసిస్టెంట్‌గ చేస్తున్న, ఔట్‌సోర్సింగే. ఏ కౌన్సిలో అడగకుండ్రి ప్లీజ్. 19,500 స్లాబు, పీఎఫ్ ఈఎస్ఐ కటింగులు పోను మిగిలింది హాస్టల్‌కి, బస్సుకి, గ్రూప్-4 పుస్తకాలకి అయిపోతది.

జాయినయ్యేటప్పుడు టైపింగు, ఎక్సెలు ఇంతే అనుకున్న. తీరా చూస్తే పొద్దున తపాల్ వస్తది, కవర్లు కోసి ముద్రగొట్టి ఇన్‌వర్డ్ నంబరేసుడు, ఎవరి మీద కంప్లయింటో చూసి ఆ డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు వెతుకుడు, హాస్పిటల్‌కి కేస్ షీటు పంపమని లెటరు, రాకుంటే రిమైండరు, వచ్చినంక పేజీలు లెక్కబెట్టి కమిటీల ఎంతమందుంటే అన్ని సెట్లు జిరాక్స్ తీసుడు, హియరింగ్ ఉంటే ఇద్దరికీ నోటీసులు పంపుడు, ఆ రోజు ఎవరొచ్చిన్రు ఎవరు రాలే అని హాజరు సంతకాలు తీస్కునుడు. నోట్ ఫైలు మా సీనియర్ అసిస్టెంట్ సార్ రాస్తడు, నేను ట్యాగ్ కట్టి ఫ్లాగులు పెట్టి పుట్ అప్ చేస్త, అంటే పై సార్ల ముందు పెడ్త. పని కష్టమేం కాదు గని చదివేటివి మనసుకు మంచిగ అనిపియ్యవు, కొన్ని లెటర్లు చదివినంక ఆ పూట తిండి కూడా పోదు.

అసలు పరేషాన్ ఏందంటే ఫోన్లు. కంప్లయింటు ఇచ్చినోళ్ళు చేస్తరు, డాక్టర్ల తరఫు వాళ్ళు చేస్తరు, ఫలానా లీడర్ మనిషినని చేస్తరు. ఇది చాలదన్నట్టు మొన్న మా నల్గొండ నుంచే ఒక కాన్పు కేసు కంప్లయింట్ వచ్చింది, ఆ హాస్పిటల్ల మా మేనత్త కొడుకు ల్యాబ్ టెక్నీషియన్, నాకు బావ అయితడు. ఎట్ల తెలిసిందో ఏమో అత్త ఫోన్ చేసింది, "ఏం లేదు బిడ్డా, ఫైలు ఎక్కడి దాక వచ్చిందో చెప్తే సాలు, నిన్నేం చెయ్యమంటలేం" అని. మా అమ్మేమో చుట్టాలతోని పగెందుకు, ఆ ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోతది అంటది. చెప్పకుంటే ఇంట్ల లొల్లి, చెప్తే జాబ్ పోతదేమోనని భయం. ఇంకోటి, ఎవరన్నా పెద్దోళ్ళు "ఈ లెటర్‌కి జర పోయిన వారం తేదీ వెయ్యమ్మా" అంటే నాలాంటి ఔట్‌సోర్సింగోళ్ళు ఏం చెయ్యాలె? ఇప్పటిదాక అయితే ఎవరు అడగలే, కాని అడుగుతరని పాతోళ్ళు చెప్తున్నరు. ఇసొంటి సెక్షన్లల్ల చేసినోళ్ళు ఎవరన్నా ఉంటే జర చెప్పుండ్రి.

—

పాలమూరు పెద్దసారు:

బిడ్డా, నేను పాలమూరుల వేరే డిపార్ట్‌మెంట్ల లైసెన్సుల సెక్షన్ సూపరింటెండెంటుగ చేసి రిటైరయిన. మావి డాక్టర్లు కాదు గని కాగితం నడిచే తొవ్వ అంతటా ఒక్కటే.

ముందుగాల మీ బావ సంగతి. ఇయ్యాలనే అరపేజీ నోట్ రాయి. ఫలానా నంబరు ఫైల్ల ఎదుటి పక్షం హాస్పిటల్ల నా దగ్గరి బంధువు పని చేస్తున్నడు, కాబట్టి ఈ ఫైలు ఇంకొకరికి అప్పజెప్పగలరు, ఇంతే. చుట్టరికం ఏందో రాయి, తేదీ వెయ్యి, సూపరింటెండెంటుతోని ఇనిషియల్ తీస్కో, కాపీ ఒకటి నీ దగ్గర పెట్టుకో. నోటితోని చెప్పి ఊకోకు, రేపు ఆయన ట్రాన్స్‌ఫర్ అయినంక నువ్వు చెప్పినవని సాక్ష్యం చెప్పేటోడు ఎవడుండడు. ఆ తర్వాత ఆ ఫైలు నీ పక్క బీరువాల ఉన్నా ముట్టకు. ఇగ మీ అత్తకు "ఆ ఫైలు నా దగ్గర లేదత్తా, ఉన్నా చెప్పరాదు" అని చెప్పొచ్చు. ఆ మొదటి మాట నిజమయ్యేటట్టు చేసుకునేతందుకే ఆ నోటు.

మామూలు ఫోన్లకు. కంప్లయింటు ఇచ్చినోళ్ళో, ఎవరి మీద ఇచ్చిన్రో వాళ్ళో, నంబరు చెప్పి అడిగితే అందిందా లేదా, ఏ తేదీన అందింది, ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నది, ఇంతవరకు చెప్పొచ్చు. రికార్డుల కోసం రాసినమా, వివరణ కోసం చూస్తున్నమా, హియరింగ్ తేదీ వేసినమా, అంతే. అది కూడా మీ సార్‌ని అడిగి, ఆయన సరేనంటేనే. డాక్టర్ జవాబుల ఏం రాసిండు, కమిటీల ఎవరేమన్నరు, ఏమయితదని నీకు అనిపిస్తున్నది, ఈ మూడు నీ నోటికెళ్ళి రావొద్దు. మూడోవాళ్ళు ఎవరైనా, లీడర్ మనిషైనా పేపరాయనైనా, "సార్, రాతపూర్వకంగ పెట్టుండ్రి" అని ఫోన్ రిజిస్టర్ల పేరూ టైమూ రాసుకో. రాసుకుంటున్న అని వాళ్ళకు వినబడేటట్టు చెప్పు, సగం మంది అక్కడనే పెట్టేస్తరు.

ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు వస్తే నువ్వు జవాబు చెప్పకు, ఆ రోజే పీఐఓకి (వాటికి జవాబిచ్చే అధికారికి) పంపు. వాళ్ళకు 30 రోజుల గడువు, వేరే ఆఫీసుది అయితే 5 రోజుల్ల బదిలీ చెయ్యాలె, నీ బల్ల మీద రెండు రోజులు పడుకుంటే ఆ గడువుల నుంచే పోతయ్. విచారణకు అడ్డమయ్యే సమాచారం ఇయ్యకుండ ఉండేతందుకు ఆ చట్టంల 8(1)(హెచ్) సెక్షన్ ఉన్నది గని అది వాడాల్నా వద్దా అనేది పీఐఓ చూసుకుంటడు, నువ్వు కాదు.

ఇగ పాత తేదీల ముచ్చట. ఎవనితోని కొట్లాడే పని లేదు బిడ్డా, రిజిస్టర్‌నే కొట్లాడనియ్యాలె. ఇన్‌వర్డ్ రిజిస్టర్ల ఎన్నడూ ఖాళీ లైను ఇడువకు. కొందరు సీనియర్లు "రెండు లైన్లు వదిలిపెట్టు, అవసరం పడ్తది" అంటరు, ఆ అవసరం ఏందో నీకు అర్థమయ్యే ఉంటది. పొద్దుగూకినంక ఆఖరి నంబరు కింద గీతగొట్టి తేదీతోని ఇనిషియల్ తీస్కో. ఆ తర్వాత ఎవడన్నా వచ్చి పోయిన వారం నంబరు అడిగితే రిజిస్టర్ చూపెట్టు, జాగ ఏడున్నది సార్ అను. ఈ-ఆఫీసు అయితే ఇంకా నయం, అది తేదీ దానంతట అదే ఏసుకుంటది.

కవర్లు పారెయ్యకు. లెటర్ల తేదీ ఎవడైనా ఏదైనా రాస్తడు, కవరు మీద పోస్టు ముద్ర ఉంటది గదా, దాన్ని లెటరెనక పిన్ను చెయ్యి. నువ్వు పంపిన నోటీసు వాపసొస్తే ఆ కవరు తెరవకు, తెరువకుండనే ఫైల్ల పెట్టు. మీద పోస్ట్‌మ్యాన్ "రెఫ్యూజ్డ్" అని రాసిండా, "డోర్ లాక్డ్" అని రాసిండా, "లెఫ్ట్" అని రాసిండా అనేదాని మీదనే రేపు ముట్టిందా లేదా అనే పంచాయితీ నడుస్తది. సరైన అడ్రస్‌కి పోస్టు ఖర్చు కట్టి రిజిస్టర్ పోస్టుల పంపితే ముట్టినట్టే అని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెప్తది, కాని అడ్రస్ సరైనదే అని చూపెట్టుకోవాల్సింది మనమే. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టుల కలిపేసిన్రు, కాబట్టి ట్రాకింగ్ పేజీ డెలివరీ అయిన రోజే ప్రింట్ తీసి పెట్టుకో, అది నెట్ల ఎల్లకాలం ఉండదు.

అడ్రస్ అంటే యాదికొచ్చింది. మన దిక్కు నుంచి వచ్చే లెటర్లల్ల జనం ఇంకా పాత జిల్లానే రాస్తరు. హుజూర్‌నగర్ కింద నల్గొండ జిల్లా అని ఉంటది, అది 2016 నుంచి సూర్యాపేట. షాద్‌నగర్‌ని మహబూబ్‌నగర్ అంటరు, అది రంగారెడ్డిల కలిసింది. అలంపూర్ గద్వాల జిల్లాకు పోయింది, నారాయణపేట 2019ల జిల్లా అయింది. నువ్వు జనం రాసినట్టే డీఎంహెచ్ఓకో (జిల్లా వైద్యాధికారి) ఎస్పీకో లెటర్ కొట్టినవనుకో, అది తప్పు ఆఫీసుకు పోయి అక్కడ నెల పడుకొని "మా పరిధి కాదు" అని తిరిగొస్తది. మండలం చూసి జిల్లా నువ్వే సరి చూసుకో.

డాక్టర్ల విషయంల కూడా అంతే, పేరు నమ్ముకోకు. ఒక్క పేరుతోని మస్తు మంది ఉంటరు, ఇంటిపేరు ఒకచోట ఒక్క అక్షరం, ఇంకోచోట పూర్తిగ ఉంటది. రిజిస్ట్రేషన్ నంబరే మనిషి. ఒకని నోటీసు ఇంకొకనికి పోతే ఆ ఊర్ల వాని పరువేంగావాలె.

ఆకాశరామన్న ఉత్తరాలొస్తే చించి పారెయ్యకు, నంబరేసి పుట్ అప్ చెయ్యి. పనికొస్తదా రాదా అని తేల్చేతందుకు పైన జీతాలు తీస్కుంటున్నోళ్ళు ఉన్నరు.

—

నకిరేకల్ నిమ్మకాయ:

అక్కా ఔట్‌సోర్సింగ్ జీతానికి ఇంత సోచాయించుడు అవసరమా. చేతికొచ్చింది చేసి సాయంత్రం గ్రూప్-4 చదువుకో. మీ అత్తకు ఫైలు కరీంనగర్ పోయిందని చెప్పు, ఖతం.

—

మూసీ ఆయకట్టు:

అబద్ధం చెప్తే రేపు ఇంకో అబద్ధం చెప్పాలె తమ్మీ. పెద్దసారూ, శానా శానా థాంక్స్, మీరు చెప్పినట్టు నోట్ టైప్ చేస్తున్న. ఖాళీ లైన్ల సంగతి చదివి మా రిజిస్టర్ తీసి చూసిన, పాత పేజీలల్ల అక్కడక్కడ ఉన్నయ్. నేనొచ్చిన కాడ్నుంచి లేవు.

—

షట్టర్ తెరిచే ఉంది:

నేను ఫైలుకు అవతలి ఒడ్డు మీద ఉన్నోణ్ణి, మిర్యాలగూడ దిక్కు మెడికల్ షాపు నాది. మా లైసెన్సులు డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళ దగ్గర, డాక్టర్ల కౌన్సిల్ వేరే, కాని షోకాజ్ నోటీసు అందరికీ ఒక్క తీరుగనే కడుపుల దేవుతది.

మా దిక్కు ఎట్లుంటదో చెప్తా చెల్లె. ఇన్‌స్పెక్టర్ సార్ వస్తడు, కొన్న బిల్లులు చూస్తడు, హెచ్1 మందుల (కొన్ని యాంటీబయాటిక్స్ లాంటివి) రిజిస్టర్ చూస్తడు (అది 3 ఏండ్లు దాచాలె), ఫార్మాసిస్టు కూసున్నడా లేడా చూస్తడు, ఏమన్న పట్టుకపోతే ఫారం 16 రసీదు రాసిస్తడు. టెస్టుకు శాంపిల్ తీస్తే నాలుగు భాగాలు చేసి సీలేసి ఒకటి మనకే ఇస్తడు, శాంపిల్ తీసినట్టు ఫారం 17 ఇస్తడు. ఇదంతా అయి ఎప్పటికో నోటీసు వస్తది. 2017ల రూల్ మారినంక లైసెన్సుకు రెన్యువల్ లేదు, అయిదేండ్లకొకసారి రిటెన్షన్ ఫీజు కడితే నడుస్తది, కాబట్టి కొందరు మనకేం ఫికర్ లేదని అనుకుంటరు, కాని సస్పెన్షనో క్యాన్సిలో చేసే పవర్ వాళ్ళకు అట్లనే ఉన్నది. చిన్న టౌన్ల పది రోజులు షట్టరేస్తే రోజువారీ గిరాకీ పోవుడే కాదు, మనకు బాకీ ఉన్నోడు కూడా పక్క షాపులనే కొంటడు, ఇగ బాకీ అడిగితే మొహం తిప్పుకుంటడు.

నాకొచ్చిన నోటీసుల కింద జతపరచినవి అని నాలుగు కాగితాల పేర్లున్నయ్, కవర్ల చూస్తే నోటీసు ఒక్కటే. ఫోన్ చేస్తే ఒకాయన ఎత్తి మీ షాపులన్ని ఇట్లనే ఉంటయ్, మూపియ్యాలె అన్నడు. ఇంకా విచారణ కాలే, వివరణ ఇయ్యలే, అప్పుడే తీర్పు. మల్ల ఇంకోసారి చేస్తే ఒక అమ్మాయి ఎత్తింది, నీ లెక్కనే కొత్తామె అనుకుంట, ఆఫీస్ కాపీ తీసి చూసింది, సార్ జతపరచినవి మా కాపీకే ఉన్నయ్, మీకు పోనట్టున్నయ్, సూపరింటెండెంట్‌ని అడిగి పంపుతా అన్నది. పంపింది, పంపిన లెటర్ల జవాబు గడువు ఇవి అందిన తేదీ నుంచి అని కూడా రాయించింది. ఆమె నాకు ఫేవర్ ఏం చెయ్యలే, నా ముంగట ఉన్న ఆరోపణ ఏందో నాకు చూపెట్టింది, అంతే. నా జవాబు నిజాయితీగ రాసుకున్న.

పెద్దసారు అన్ని మంచిగ చెప్పిన్రు గని ఒక్కటి నాకు పడలే. మెట్టు కూడా సార్‌ని అడిగే చెప్పాలె అంటే ఎట్లన్నా? ఫోన్ ఎత్తినోళ్ళకు సార్ ఎప్పుడు దొరకాలె, మాకు ఎప్పుడు చెప్పాలె. నేనేం లోపలి ముచ్చట అడుగుతలేను, నా జవాబు మీకు ముట్టిందా అనే అడుగుతున్న.

—

దేవరకొండోడు:

నేను కంప్లయింట్ ఇచ్చినోణ్ణి. మా అమ్మ ఆపరేషన్ కేసు. ఏ హాస్పిటలో ఏ కౌన్సిలో రాయను, ఇంకా నడుస్తున్నది.

అక్కా మీరు లెటర్లు చదివి తినబుద్ధి కాదన్నరు, ఆ లెటర్ రాసినోళ్ళ ఇండ్లల్ల ఎట్లుంటదో అనుకోండ్రి. నాకైతే పైసలు ముఖ్యం కాదు, ఏం జరిగిందో ఎవరో ఒకరు కాగితం మీద చెప్పాలె, అంతే నా కోరిక. ఎన్నిసార్లు ఫోన్ చేసినా "విచారణలో ఉంది" అంటరు, ఆ ముక్క వింటే రక్తం మరుగుతది. విచారణల ఉందని నాకు తెల్వదా, నేనే గదా పెట్టింది. దాని బదులు "హాస్పిటల్‌కి రెండో రిమైండర్ ఫలానా తేదీన పోయింది" అని చెప్పి చూడండ్రి, వినేటోనికి ఎంత ఫరక్ ఉంటదో. ఎవరో ఒకరు ఆ ఫైలు ముట్టుకున్నరని తెలుస్తది, అంతకంటె ఎక్కువ అడగం. షాపన్న చెప్పింది కరెక్టే.

ఇంకోటి, మొదటి లెటర్లనే నన్ను కేస్ షీటు జతపరచమని అడిగిన్రు. అది హాస్పిటల్ దగ్గర ఉంటది, నా దగ్గర ఏడికెళ్ళొస్తది? నేను పోయి అడిగితే రిసెప్షన్ల "మేనేజ్‌మెంట్ సార్ లేడు" అని తిప్పుతనే ఉన్నరు. అసలు ఇస్తరా ఇయ్యరా, రూలేంది? ఎవరికన్నా తెలుస్తే చెప్పుండ్రి.

—

బార్ రూం చాయ్:

నల్గొండ కోర్టుల జూనియర్‌గ ప్రాక్టీసు. దేవరకొండ తమ్ముడికి ముందు.

కేస్ షీటు అడిగే హక్కు నీకుంది. డాక్టర్ల ప్రవర్తన మీద 2002 రెగ్యులేషన్స్ ఉన్నయ్, 2023ల కొత్తవి తెచ్చి అదే సంవత్సరం ఆపేసిన్రు, కాబట్టి ఇప్పటికీ పాతవే నడుస్తున్నయ్. దాంట్ల ఇన్‌పేషెంట్ రికార్డు 3 ఏండ్లు దాచాలె, పేషెంటో వాళ్ళ తరఫు మనిషో రాసి అడిగితే 72 గంటల్ల ఇయ్యాలె అని ఉన్నది. రిసెప్షన్ల నోటితోని అడుగుతే కాదు, కాగితం మీద రాసి రెండో కాపీ మీద ముద్ర వేయించుకో, వెయ్యకుంటే పోస్టుల పంపు. ఇయ్యకుంటే ఆ కాగితమే నీకు ఇంకో ఆధారం. అదే రెగ్యులేషన్స్‌ల కంప్లయింటు మీద 6 నెలల్ల నిర్ణయం తీసుకోవాలె అని కూడా ఉన్నది. ఎన్ని చోట్ల అవుతున్నదో నేను చెప్పనక్కర లేదు.

ఇప్పుడు అసలు ముచ్చట, కంప్లయింట్లు ఇచ్చేటోళ్ళు ఎక్కువ దెబ్బతినేది ఈడనే. కౌన్సిల్ నష్టపరిహారం ఇప్పియ్యది. అది చేసేది వార్నింగు ఇచ్చుడు, రిజిస్టర్ల పేరు కొన్నాళ్ళకో మొత్తానికో తీసేసుడు. పైసలు కావాల్నంటే కన్స్యూమర్ కమిషన్, డాక్టర్ సేవలు కూడా దాని కిందికొస్తయని సుప్రీం కోర్టు 1995లనే చెప్పింది. అక్కడ గడువు 2 ఏండ్లు, 2019 చట్టం 69వ సెక్షన్. కౌన్సిల్ల నడుస్తున్నది గదా తీర్పొచ్చినంక వేద్దామని కూసుంటే ఆ 2 ఏండ్లు అయిపోతయ్. ఆలస్యానికి తగిన కారణం చూపెడితే కమిషన్ మాఫీ చెయ్యొచ్చు గని చేస్తదని గ్యారంటీ లేదు. మా దగ్గరికి ఇట్ల గడువు దాటినంక వచ్చేటోళ్ళను చూస్తుంటే పానం ఉసూరుమంటది. పోలీస్ కేసు ఇంకో తొవ్వ, కాని 2005ల సుప్రీం కోర్టు జాకబ్ మాథ్యూ తీర్పు వచ్చినంక డాక్టర్ మీద ముందుకు పోవాల్నంటే పోలీసులు ముందుగాల వేరే డాక్టర్ అభిప్రాయం, అందులోనూ వీలైతే సర్కారు డాక్టర్‌ది, తీస్కోవాలె. అప్పీలు కూడా చెప్పాలె, ఎన్ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) చట్టం 30వ సెక్షన్ల అప్పీలు హక్కు చర్య పడ్డ డాక్టర్‌కి రాసిన్రు, కంప్లయింటు పెట్టినోని పేరు అందుల లేదు. ఇది అన్యాయమే అనిపిస్తది నాకు, అయినా ఉన్నది ఉన్నట్టు తెలిసి ఉండాలె.

ఊర్లల్ల ఆర్ఎంపీల మీద కూడా కౌన్సిల్‌కే రాస్తరు. రిజిస్ట్రేషనే లేనోనిది ఏం తీసేస్తరు? అది ఎన్ఎంసీ చట్టం 34వ సెక్షన్ కింద నేరం, ఏడాది దాక జైలు, 5 లక్షల దాక జరిమానా, లేకుంటే రెండూ. అంటే ఆ ఫైలు నడిచే తొవ్వ వేరే, చివరికి అది పోలీసు, కోర్టు దిక్కు పోవాల్సిందే. మూసీ ఆయకట్టు చెల్లె, అందుకే తపాల్ల కంప్లయింటు చూడంగనే ఆ మనిషి రిజిస్టర్ల ఉన్నడా లేడా అని నువ్వు పెన్సిల్తోని రాసిపెడితే మీ సార్‌కి చానా టైం మిగుల్తది.

నీకు ఇంకో రెండు. కంప్లయింట్ల జనం వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, వీడియోలు, కాల్ రికార్డింగులు పెన్‌డ్రైవ్‌ల పంపుతరు. కౌన్సిల్ కోర్టు కాదు, అయినా రేపు ఎవరో ఒకరు హైకోర్టుకో కన్స్యూమర్‌కో పోతరు గదా, అక్కడ 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డుకు జతపరిచేది) అడుగుతరు. పెన్‌డ్రైవ్‌ని నీ సిస్టంల పెట్టి ఓపెన్ చేసి చూడకు, సీల్ కవర్ల పెట్టి ఎవరిచ్చిన్రు ఎప్పుడిచ్చిన్రు మీద రాయి, కాపీ తీసేది ఎవరో మీ సార్ చెప్తడు. ఒరిజినల్ ఫోన్ పారెయ్యొద్దని కంప్లయింటుదారుకు చెప్పించు, మనోళ్ళు ఎక్స్చేంజ్ ఆఫర్ రాంగనే ఇచ్చేస్తరు.

రెండోది జిరాక్సు. ఆఫీస్ మిషను ఖరాబైందని కేస్ షీట్లు బయట షాపుల ఇయ్యకు. దాంట్ల అబార్షన్ వివరాలుంటయ్, హెచ్ఐవీ రిపోర్టులుంటయ్, రెండిటికీ గోప్యత చట్టంలనే ఉన్నది. కాన్పు కేసుల హెచ్ఐవీ టెస్టు కాగితం దాదాపు ప్రతి కేస్ షీటుల ఉంటది. నల్గొండ గడియారం సెంటర్ల జిరాక్స్ షాపాయనకు పేషెంట్ ఇంటిపేరు తెలిసే ఉంటది, ఇగ అర్థం చేస్కో.

—

పాలమూరు పెద్దసారు:

లాయరమ్మ మంచిగ చెప్పింది. కేస్ షీట్ గురించి నాదొకటి. ఒరిజినల్ మీద పెన్నుతోని పేజీ నంబర్లు వెయ్యకు, మూలకు పెన్సిల్తోని వెయ్యి. అందిన రోజే ఎన్ని పేజీలు, ఏ పేజీలు ఖాళీ, ఎక్కడ కొట్టివేతలున్నయ్, నర్సుల నోట్సు ఉన్నయా, మత్తు డాక్టర్ షీటు ఉన్నదా, సంతకం పెట్టించుకున్న ఫారం ఉన్నదా, ఒక జాబితా కొట్టి తెచ్చినాయనతోని సంతకం తీస్కో. తర్వాత "మేమిచ్చినప్పుడు ఆ పేజీ ఉండె" అనే లొల్లికి అదొక్కటే మందు. ఎక్స్‌రే ఫిల్ములకు పంచ్ కొట్టకు, కొందరు కొడ్తరు, ఎముక ఇరిగిన కాడనే బొక్క పడ్తది.

షాపాయన అడిగినదానికి. అన్నా, నువ్వన్నది కాదనను. జవాబు ముట్టిందా అనేది ప్రతిసారి సార్‌ని అడగాల్సిన ముచ్చట కాదు, ఒక్కసారి సెక్షన్ల రాతపూర్వకంగ పర్మిషన్ తీస్కుంటే అయిపోతది, ఫలానా నాలుగు వివరాలు అసిస్టెంట్ ఫోన్ల చెప్పొచ్చు అని. నేను జాగ్రత్త ఎందుకు చెప్పిన అంటే, ఔట్‌సోర్సింగ్ పిల్ల మాట జారిందని ఎవడన్నా కంప్లయింట్ చేస్తే ఏజెన్సీకి ఫోన్ చేసి రేపట్నుంచి రావొద్దని చెప్పిస్తరు, పర్మనెంట్ వానికైతే మెమోతోని పోతది. దెబ్బ ఇద్దరికీ ఒక్క తీరు పడదు.

దేవరకొండ బిడ్డా, రిమైండర్ తేదీ చెప్పాలె అన్నవు చూడు, అది నాకు నచ్చింది. ఆ నాలుగు వివరాలల్ల అదొకటి పెట్టాలె.

—

మూసీ ఆయకట్టు:

అందరికీ థాంక్స్. నోట్ ఇచ్చిన, సూపరింటెండెంట్ మేడం చదివి ఏం అనలే, ఇనిషియల్ చేసి ఫైలు పక్క సీటు అన్నకు మార్చింది. అత్తకు చెప్పిన, సరే తియ్ అని పెట్టేసింది, ఈసారి బతుకమ్మకు పిలుస్తదో లేదో చూడాలె. మా అమ్మ ఇంకా సణుగుతనే ఉన్నది.

ఒక డౌట్. లాయరక్క చెప్పిన 2 ఏండ్ల సంగతి నాకు కూడా తెల్వదు, మా కంప్లయింట్లల్ల శానా మంది "నష్టపరిహారం ఇప్పించగలరు" అనే రాస్తరు. మేం పంపే అందినట్టు లెటర్ల నంబరు, తేదీ తప్ప ఏం ఉండదు. దాంట్ల ఈ ముక్క నేను చేర్చొచ్చా? ఫార్మాట్ నా సిస్టంలనే ఉన్నది.

—

పాలమూరు పెద్దసారు:

నీ సిస్టంల ఉన్నంత మాత్రాన నీది కాదు బిడ్డా. నువ్వే చేర్చి పంపితే, కౌన్సిలే మమ్మల్ని కన్స్యూమర్‌కి పొమ్మన్నదని ఒకడు, మా మీద కేసులేయిస్తున్నరని ఇంకొకడు పట్టుకుంటరు. డ్రాఫ్ట్ చేసి నోట్ మీద పుట్ అప్ చెయ్యి, రిజిస్ట్రార్ దాక పోనియ్యి. సలహా లెక్క రాయకు, సమాచారం లెక్క రాయి. రెండు లైన్లు మించొద్దు, మించితే చదవకుండ పక్కకు పెడ్తరు. ఫోన్ల చెప్పొచ్చనే ఆ నాలుగు వివరాలు కూడా అదే నోట్ల అడుగు, అందింది, జవాబు ముట్టింది, రిమైండర్ పోయిన తేదీ, హియరింగ్ తేదీ.

—

దేవరకొండోడు:

ఆ రెండు లైన్లు ఈడ పెట్టక్కా, మా అసోంటోళ్ళకు అర్థమయితదో లేదో చూసి చెప్తం.

—

మూసీ ఆయకట్టు:

ఇట్ల రాసిన: "ఈ కౌన్సిల్ రిజిస్టర్డ్ డాక్టర్ల వృత్తి ప్రవర్తనపై మాత్రమే విచారణ జరుపుతుంది, నష్టపరిహారం ఇప్పించే అధికారం కౌన్సిల్‌కు లేదు. నష్టపరిహారం కోసం వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించడానికి చట్టప్రకారం 2 సంవత్సరాల గడువు ఉంది."

—

బార్ రూం చాయ్:

బాగుంది చెల్లె. రెండు సవరణలు. "2 సంవత్సరాల గడువు" అని ఊకె రాస్తే మీ లెటర్ ముట్టిన కాడ్నుంచి లెక్కపెట్టుకుంటరు, "ఫిర్యాదుకు కారణమైన ఘటన జరిగిన తేదీ నుంచి" అని పెట్టు. ఇంకోటి, చివర్న "కౌన్సిల్‌లో విచారణ పెండింగ్‌లో ఉన్నా ఈ గడువు ఆగదు" అని చేర్చు. మూడు లైన్లు అయితది, పెద్దసారు ఏమనుకోవద్దు.

—

దేవరకొండోడు:

మంచిగ అర్థమయితున్నది. ఇది నాకు మొదటి లెటర్లనే వచ్చి ఉంటే బాగుండు. లాయరక్కా, మాది 2 ఏండ్లకు ఇంకా జర టైం ఉన్నది, సోమవారం కోర్టు కాడికొస్తే ఏమేం కాగితాలు పట్టుకరావాలె?

—

బార్ రూం చాయ్:

డిశ్చార్జ్ సమ్మరీ, కట్టిన బిల్లులు, అంబులెన్సు రసీదు ఉంటే అది, కౌన్సిల్‌కి ఇచ్చిన కంప్లయింట్ కాపీ, వాళ్ళిచ్చిన నంబరు లెటరు. కేస్ షీటు కోసం ఇయ్యాలనే రాసి ఇచ్చి ముద్ర వేయించుకొని ఆ కాపీ తే. ఒరిజినల్స్ ఎవరికీ ఇయ్యకు, నాక్కూడా.